అభ్యంతరం లేని టర్కీ కవి

మా మండలికి ఒక నియమావళి ఉంది. అది ఎందుకు పుట్టిందో చెబితే మీకు నవ్వొస్తుంది. మాకు రాకూడదు. మాది సర్కారు కొలువు.

మూడేళ్ల కిందట ఒక ఊళ్ళో పనసపండు మీద ఇరవై నిమిషాల డాక్యుమెంటరీ వేశాం. అందులో ఒక ముసలావిడ తమ ఊరి పనసపొట్టు కూరకు సాటి లేదంది. పక్క ఊరివాళ్ళు లేచి కుర్చీలు విసిరారు. మర్నాటికల్లా 'వివాదరహిత ప్రదర్శన నియమావళి' తయారైంది. అందులో పద్నాలుగో నియమం ఇలా ఉంటుంది: "ప్రదర్శనలో వివాదమునకు ఆస్కారము గల ప్రతి వాక్యమునకు, ఆ వాక్యములో ప్రస్తావించబడిన వస్తువు ఏ శాఖ పరిధిలోనికి వచ్చునో ఆ శాఖ నుండి అభ్యంతరము లేదను పత్రము పొందవలెను." ఇరవై రెండో నియమం కూడా ఉంది. అది ఆఖరి పేజీ వెనక అచ్చు కావడంతో ఈ టర్కీ కవి వచ్చేదాకా ఎవరూ చదవలేదు.

నేను రాష్ట్ర దృశ్య సాంస్కృతిక వినిమయ మండలిలో అనువాద పర్యవేక్షకురాలిని. మా మండలి పేరు ఫోనులో పూర్తిగా పలికేలోపు అవతలివాళ్ళు పెట్టేస్తారు. పంతొమ్మిదేళ్లుగా విదేశీ సినిమాలను తెలుగులోకి తేవడం నా పని. తెచ్చినవాటిని ఎవరూ చూడకుండా జాగ్రత్తపడడం మా పైవాళ్ళ పని.

నిరుడు ఏదో ఒప్పందం కింద టర్కీ సాంస్కృతిక వారం జరపాలని మా నెత్తిన పడింది. వాళ్ళు ఒక సినిమా పంపారు. పేరు 'ఉప్పు మడిలో కుర్చీ'. హైరీ తోప్రక్ అనే కవి మీద తొంభై రెండు నిమిషాల డాక్యుమెంటరీ. ఆయన చిన్నప్పుడు సముద్రం ఒడ్డున ఉప్పు మడుల్లో కూలి. పెద్దయ్యాక మూడు ప్రభుత్వాలు మార్చి మార్చి ఆయన్ని జైల్లో పెట్టాయి. ఆయన తిట్టని పార్టీ లేదు, ఆయన్ని తిట్టని పార్టీ లేదు. సొంత ఊరివాళ్ళే విగ్రహం పెట్టి, పీకి, మళ్ళీ పెట్టారు. సినిమాలో ఆయన మోకాలి లోతు ఉప్పునీళ్ళ మధ్య కుర్చీ వేయించుకుని కూర్చుని, సిగరెట్టు మీద సిగరెట్టు వెలిగిస్తూ కవితలు చదువుతాడు. అంతే సినిమా. నాకు చూస్తున్నంతసేపూ ఒళ్ళు జలదరించింది.

మా మెంబర్ సెక్రటరీ కొల్లిపర రాజ్యవర్ధన్ గారు సినిమా చూడలేదు. కరపత్రం చూశారు. నన్ను పిలిచారు.

"ఇందులో 'వివాదాస్పద కవి' అని ఉంది. ఈ వివాదం పరిష్కారమైందా, పెండింగులో ఉందా?"

"కవి చనిపోయి పదకొండేళ్లయింది సార్."

"కవి సంగతి నేనడగలేదమ్మా. వివాదం సంగతి అడిగాను. ఆయన తదనంతరం వివాదం ఎవరి పేరు మీదికి మారింది?"

"ఎవరి పేరు మీదికీ మారలేదండి."

"అంటే దిక్కూ మొక్కూ లేకుండా తిరుగుతోందన్నమాట. రేపది మన హాల్లోకి వచ్చి కూర్చుంటే బాధ్యత ఎవరు వహిస్తారు?"

పోనీ సినిమా వెనక్కి పంపేద్దామా అన్నాను. ఆయన నన్ను జాలిగా చూశారు. వెనక్కి పంపితే అంతర్జాతీయ వివాదం, వేస్తే స్థానిక వివాదం అన్నారు. రెండూ నిషిద్ధమే. కాబట్టి సినిమా వేయాలి, అందులో వివాదం ఉండకూడదు. కవిని ఏం చేయాలో మాత్రం ఫైల్లో తర్వాత రాద్దామన్నారు.

టర్కీ భాష వచ్చినవాళ్ళ కోసం వెతికితే రాష్ట్రం మొత్తానికి ఒక్కడు దొరికాడు. మరడాన తవిటయ్య. శ్రీకాకుళం వైపు మనిషి, విశాఖలో కొడుకు దగ్గర ఉంటున్నాడు. సరుకు ఓడల్లో వైర్‌లెస్ ఆపరేటరుగా చేసి రిటైరయ్యాడు. వయసులో ఉండగా ఏదో కేసులో వాళ్ళ ఓడను ఇజ్మీర్ రేవులో కోర్టువాళ్ళు పట్టేస్తే, పద్నాలుగు నెలలు అక్కడే ఇరుక్కుపోయాడట. రేవులో టీకొట్టువాడు హైరీ తోప్రక్ కవితలు గోడల మీద బొగ్గుతో రాసేవాడు. పోలీసులు చెరిపేవాళ్ళు. వాడు మళ్ళీ రాసేవాడు. తవిటయ్య ఆ గోడల మీదే టర్కీ నేర్చుకున్నాడు.

ఆయన మా ఆఫీసుకు గుడ్డ సంచీతో వచ్చాడు. సంచీలో అరవై ఒక్క కవితలు, అన్నీ తెలుగులో, చేత్తో రాసినవి. ఇరవై ఆరేళ్ల పని.

"పత్రికలకు పంపలేదా తవిటయ్య గారూ?" అన్నాను.

"పంపకేటమ్మా! అందరికీ పంపినాను. 'ఎవరండీ ఈ టర్కీ ఆయన, మనకెందుకండీ' అని తిప్పి పంపీసినారు. ఇంట్లో మా ఆడమనిషి ఒక్కర్తే వింటాది. అదీ బియ్యంలో రాళ్ళేరుకుంటూ వింటాది. బాగున్నాదంటాది. అది ఏటి వండినా నాను బాగున్నాదంటాను కదా, అలాగనే." నవ్వి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "చూపు తగ్గిపోతున్నాది తల్లీ. డాక్టరు ఇంకో ఏడాదన్నాడు. తరవాత నా రాత నాకే కనపడదు. అంచేత సినిమాలో ఆ కవితలు నన్నే చదవనివ్వండి. నలుగురూ ఒక్కసారి వింటే సాలు. ఇంకేటీ అడగను."

నేను మాటిచ్చాను. ఆ మాట ఇవ్వడానికి నాకు అధికారం ఉందో లేదో నియమావళిలో చూసుకోలేదు. అదే నేను చేసిన తప్పు.

సినిమాలో పదిహేడు కవితలున్నాయి. వాటిని పరిశీలించడానికి నిష్పాక్షిక వీక్షణ సంఘం కూర్చుంది. దానికి అధ్యక్షురాలు డాక్టర్ హేమసుందరి గారు. ఆవిడ ఏ సినిమా గురించీ ఏ అభిప్రాయమూ లేకుండా ముప్పై ఏళ్ళు గడిపిన మనిషి. ఆ అర్హతతోనే పదవి వచ్చింది. బొమ్మ నడుస్తుంటే తవిటయ్య ఒక పక్కన నిలబడి తన అనువాదం చదివాడు.

"మా అరికాళ్ళలో ఉప్పు,
మంత్రిగారి కూరలో ఉప్పు,
రెండూ ఒక్క మడిలోవే.
ఆయన రుచి చూసి బాగుందన్నాడు.
మేం మాత్రం నడవలేకపోతున్నాం."

హేమసుందరి గారు కళ్లజోడు పైనుంచి చూశారు.

"ఏ మంత్రి?"

"వాళ్ళ మంత్రండి. టర్కీ మంత్రి."

"కవితలో టర్కీ అని లేదు కదా. ఏ కూర?"

తవిటయ్య నా వంక చూశాడు. నేను నేల వంక చూశాను.

"రాసుకోండి," అన్నారావిడ. "ఉప్పు, సంబంధిత శాఖకు. అరికాళ్ళు, వైద్యారోగ్యానికి. మంత్రిగారు, ప్రోటోకాలుకు. కూర ఏ శాఖకు వెళ్తుందో న్యాయసలహా తీసుకోండి."

అలా పదిహేడు కవితలకూ నూట ముప్పై ఎనిమిది ఉత్తరాలు వెళ్ళాయి. వాటిని నేనే రాశాను. కోర్టు మెట్ల మీద మేక పడుకుని ఉంటుంది, దానికి వాయిదా లేదు కనుక హాయిగా నిద్రపోతోంది అని ఒక చిన్న కవిత ఉంది. అందులో మేక ఉంది కనుక పశుసంవర్ధకానికి రాయాల్సి వచ్చింది. నలభై రోజులకు జవాబొచ్చింది. మేక చెవికి బిళ్ళ ఉందా, ఉంటే నంబరు ఎంత, టీకాలు వేయించారా, మేక ప్రస్తుత పరిస్థితి ఏమిటి అని అడిగారు. సినిమాలో ఆ దృశ్యం ముప్పై ఏళ్ళ కిందటిది. మేక ప్రస్తుత పరిస్థితి ఊహించడం కష్టం కాదు, కానీ దాన్ని ఫైల్లో ఎలా రాయాలో తెలియక 'విచారణలో ఉన్నది' అని రాశాను. దానికి వాళ్ళు, విచారణలో ఉన్న మేకను చూపడం కోర్టు ధిక్కారమవుతుందేమో చూసుకోమన్నారు.

జైలు కవితకు జైళ్లవాళ్ళ నుంచి మాత్రం వారానికే జవాబొచ్చింది. ఆ కవిత నాకు అన్నిటికన్నా ఇష్టం.

"నిజం చెప్పినందుకు నన్ను జైల్లో వేశారు.
నాకంటే ముందే వచ్చిన నిజాలు
అక్కడ నేల మీద పడుకుని ఉన్నాయి.
కొంచెం జరగండి, అన్నాను."

జవాబు ఇది: "మా జైళ్లలో ఎవ్వరూ నేల మీద పడుకొనుట లేదు. 'కొంచెం జరగండి' అను మాట రద్దీని సూచించుచున్నది. రద్దీ లేదని గత సంవత్సరమే నివేదిక ఇచ్చియున్నాము. తీవ్ర అభ్యంతరము."

ప్రోటోకాలువాళ్ళు మంత్రిగారి కూర మీద ఏడు పేజీలు రాశారు. ఆరోగ్యంవాళ్ళు ఉప్పు తగ్గించి తినాలన్న ప్రచారానికి ఈ కవిత విరుద్ధమన్నారు. ఉప్పువాళ్ళు అసలా ఉప్పు తమది కాదన్నారు. కూర ఏ శాఖదో ఇప్పటికీ తేలలేదు.

ఏ వాక్యానికి పత్రం రాలేదో ఆ వాక్యం తీసేశారు. తర్వాత బొమ్మ మీద పడ్డారు. కవి ప్రతి దృశ్యంలోనూ సిగరెట్టు కాలుస్తాడు కనుక సిగరెట్టును మసక చేశారు. పొగ మిగిలింది. పొగను మసక చేస్తే మొహం కూడా మసకబారింది. మొహం లేని మనిషి అనుమానాస్పదంగా ఉన్నాడని హేమసుందరి గారన్నారు. అందుకని మొత్తం మనిషినే తుడిచేశారు. ఉప్పు మడి మిగిలింది, అందులో కుర్చీ మిగిలింది. తొంభై రెండు నిమిషాలు పోయి నాలుగు నిమిషాల పది సెకన్లు వచ్చింది.

రాజ్యవర్ధన్ గారు తృప్తిగా ఊపిరి పీల్చుకున్నారు. "ఇప్పుడు కవి వ్యక్తిత్వం స్పష్టంగా బయటికొచ్చింది."

కవితలన్నీ పోయి, తవిటయ్య చదవడానికి వ్యాఖ్యానంలోని రెండే వాక్యాలు మిగిలాయి. 'ఆయన ఒక ఊళ్లో పుట్టారు. ఆయన ఒక రోజు చనిపోయారు.' రికార్డింగు గదిలోకి వెళ్లే ముందు రాజ్యవర్ధన్ గారు కాగితం తీసుకుని రెండోది కొట్టేశారు.

"ఎందుకండీ, ఆయన సచ్చిపోనేదా?" అన్నాడు తవిటయ్య.

"చనిపోయారంటే ఎలా చనిపోయారు అంటారు. ఎలా అంటే ఎందుకు అంటారు. ఈ ప్రశ్నలకు మండలి దగ్గర పత్రాలున్నాయా?"

తవిటయ్య మైకు ముందు కూర్చున్నాడు. సంచీ ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఆయన ఒక ఊళ్లో పుట్టారు," అన్నాడు. గొంతు బాగా పలికింది, అద్దం అవతల నాకు వినిపించింది. సౌండు ఇంజనీరు మరోసారి చెప్పించాడు, 'ఊళ్లో' దగ్గర బాధ ధ్వనిస్తోందని. మూడోసారికి ఏ బాధా లేకుండా చెప్పాడు. బయటికొచ్చి సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఏదన్నా అని ఉంటే బాగుండేది. నేనిచ్చిన మాట నా నాలుక మీద ఉప్పులా కరుచుకుని ఉండిపోయింది.

ప్రదర్శన ఘనంగా జరిగింది. టర్కీ నుంచి వచ్చిన ముగ్గురు అతిథులు ముందు వరసలో కూర్చున్నారు. నాలుగు నిమిషాలపాటు తెర మీద ఖాళీ కుర్చీ, దాని కింద పదకొండు హెచ్చరికలు. ధూమపానం హానికరం. ఉప్పు మితంగా వాడండి. ఈ చిత్ర నిర్మాణంలో ఏ మేకకూ హాని జరగలేదు. మధ్యలో ఒక్కసారి, ఆయన ఒక ఊళ్లో పుట్టారు. దీపాలు వెలిగాయి. అతిథుల్లో ఒకాయన నన్ను నెమ్మదిగా ఇంగ్లీషులో అడిగాడు, సినిమా ఎప్పుడు మొదలవుతుందని. రాజ్యవర్ధన్ గారు వేదికెక్కి, ఒక వివాదాస్పద కవిని ఇంత ప్రశాంతంగా చూపిన ఘనత దేశంలో మొదటిసారి మన మండలికే దక్కిందన్నారు. జనం చప్పట్లు కొట్టారు, భోజనాలు పక్క హాల్లో ఉన్నాయి కనుక. తవిటయ్యకు శాలువా కప్పారు. ఆయన దాన్ని మడిచి సంచీలో కవితల మీద పెట్టుకుని ఇంటికెళ్లిపోయాడు.

కథ అక్కడితో అయిపోవాలి. అయిపోయేదే, రాజ్యవర్ధన్ గారికి మితిమీరిన శ్రద్ధ లేకపోతే. ఫైలు మూసేముందు నియమావళిని తిరగేస్తూ ఆయన ఆఖరి పేజీ వెనక్కి తిప్పారు. అక్కడ ఇరవై రెండో నియమం ఉంది.

"తొలగించబడిన వాక్యములను ఇకమీదట ఎవ్వరును ఏ సందర్భమునను ఉచ్చరించకుండునట్లు, సదరు వాక్యముల జాబితాను అన్ని శాఖల అన్ని కార్యాలయములకు పంపి, సిబ్బందిని సమావేశపరిచి బిగ్గరగా చదివి వినిపించి, ప్రతి ఒక్కరి నుండి 'చదివి అర్థము చేసుకున్నాను' అని సంతకము తీసుకొనవలెను."

నేను ఆ నియమం రెండుసార్లు చదివాను. మొహంలో ఏమీ కనపడనివ్వకుండా అడిగాను.

"సార్, జాబితాలో వాక్యాలు ముక్కలు ముక్కలుగా ఇవ్వాలా, కవితలు మొత్తం ఇవ్వాలా?"

"ముక్కలు ఇస్తే సందర్భం నుంచి విడదీశారని ఆరోపణ వస్తుంది. అది మళ్ళీ వివాదం. మొత్తం ఇవ్వండి. అచ్చుతప్పులు లేకుండా. అచ్చులో తప్పుంటే, పలికినవాడు నేనన్నది జాబితాలో లేదని తప్పించుకుంటాడు."

"అనువాదకుడి పేరు?"

"వేయండి. నిషిద్ధ పదాలకు బాధ్యులెవరో తెలియాలి కదా."

అలా పదిహేడు కవితలు, 'అనుబంధము-1' అనే పేరుతో, మరడాన తవిటయ్య అనువాదంలో, నలభై రెండువేల ప్రతులు ప్రభుత్వ ముద్రణాలయంలో అచ్చయ్యాయి. ప్రూఫులు నేనే దిద్దాను. నా ఉద్యోగ జీవితంలో అంత శ్రద్ధగా ఏ కాగితమూ దిద్దలేదు.

తర్వాత జరిగింది మా ఆఫీసుకు వచ్చిన నివేదికల్లోంచి చెబుతున్నాను. ఉప్పు మడుల దగ్గర ఒక కార్మిక కార్యాలయం ఉంది. అక్కడి అధికారి జాగ్రత్తపరుడు, కూలీలు కూడా ఉచ్చరించకూడదు కదా అని వాళ్ళను కూడా కూర్చోబెట్టి చదివాడు. అరికాళ్ళ కవిత అయ్యాక ఒక ఆడమనిషి లేచి అడిగిందట. "మళ్ళీ ఓపాలి సదవండి బాబూ. ఏటి పలకకూడదో సరిగ్గా గురుతుండాలి కదా." నాలుగుసార్లు చదివించుకున్నారు. అందరూ వేలిముద్రలు వేశారు. ఆ అధికారి నివేదికలో, సిబ్బందిలో నిషేధం పట్ల అపూర్వమైన ఆసక్తి కనిపించిందని రాశాడు.

ఒక జైల్లో ఖైదీలకు చదివి వినిపించారు. 'కొంచెం జరగండి' దగ్గర బ్యారక్కు బ్యారక్కంతా నవ్విందట. నవ్వినవాళ్ళ పేర్లు పంపమంటారా అని సూపరింటెండెంటు అడిగాడు. ఎందరని రాశాడో చూశాను. అందరూ అని రాసి పక్కన సంఖ్య వేశాడు, దానితో రద్దీ లెక్క కూడా బయటపడింది.

బస్సుల్లో మాత్రం నిజంగా చిక్కొచ్చింది. 'కొంచెం జరగండి' అన్న వాక్యం నిషిద్ధ జాబితాలో ఉంది కనుక కండక్టర్లు ఆ మాట అనడం మానేశారు. అనకపోతే బస్సు నిండదు. ఒక కండక్టరు తెలివైనవాడు, జాబితా జేబులో పెట్టుకుని, జనం అడ్డుగా నిలబడినప్పుడల్లా తీసి ఆ పంక్తి మీద వేలు పెట్టి చూపించేవాడట. వేలు పెట్టిన పంక్తి చదివినవాళ్ళు పై మూడు పంక్తులూ చదివేవాళ్ళు. చదివి జరిగేవాళ్ళు. మిగతా కండక్టర్లు కూడా నేర్చుకున్నారు.

కొన్ని కార్యాలయాల నుంచి 'చదివాము, అర్థము కాలేదు' అని వచ్చింది. అర్థం చేసుకున్నట్టు సంతకం లేకపోతే నియమం నెరవేరదు. రాజ్యవర్ధన్ గారు ఒక రోజంతా తల పట్టుకుని కూర్చుని, సాయంత్రానికి తేల్చారు. అర్థం కానిచోటికి నిపుణుణ్ణి పంపి, నిషిద్ధ వాక్యాల అర్థం వివరంగా చెప్పించాలి. నిపుణుడు రాష్ట్రం మొత్తానికి ఒక్కడే.

మండలి జీపులో తవిటయ్య జిల్లాలు తిరిగాడు. తాలూకా ఆఫీసుల్లో, గోదాముల్లో, ఫైరు స్టేషన్లో నిలబడి పదిహేడు కవితలూ తన గొంతుతో చదివాడు. చివర, "ఇవి పలక్కండి బాబూ" అని గుర్తుచేసేవాడు. జనం మళ్ళీ చదవమనేవాళ్ళు. ఒకచోట గుమాస్తాలు భోజనాల వేళ దాటినా లేవలేదట. ఆయన వెంట వెళ్లిన మా అటెండరు ఎర్నమ్మ చెప్పింది.

"మీరు సూడాల అమ్మా. మేక కవితకి మా రెవెన్యూ ఆఫీసోళ్ళు కళ్ళొత్తుకున్నారు. ఆళ్ళకి మేక మీద జాలా, వాయిదా మీద జాలా, నాకు తెలీనేదు."

రాజ్యవర్ధన్ గారికి ఉత్తమ నిషేధ నిర్వహణకు ప్రశంసాపత్రం వచ్చింది. ఇంతమంది ప్రభుత్వోద్యోగులు ఒక కాగితాన్ని నిజంగా చదివి సంతకం పెట్టిన సందర్భం రాష్ట్ర చరిత్రలో లేదని అందులో రాశారు. అది నిజమే. ఆ ప్రశంసాపత్రంలో నిజమైన వాక్యం అదొక్కటే.

పర్యటన ముగిశాక తవిటయ్య మా ఆఫీసుకొచ్చాడు. మనిషి ఎండకు నల్లబడ్డాడు. కళ్లజోడు అద్దాలు ఇంకా మందమయ్యాయి. కుర్చీలో కూర్చుని, అటూ ఇటూ చూసి, సంచీలోంచి ఒక కవరు తీశాడు.

"అమ్మా, ఇది ఒక్కసారి సూడండి. అక్షరాలు సరిగ్గా కుదిరినాయో లేదో. నా సేతిరాత తెలిసిపోతాదని ఎడం సేత్తో రాసినాను."

అది ఆకాశరామన్న ఉత్తరం. "అయ్యా, మీరు నిషేధించిన టర్కీ కవి ఆ పదిహేడే రాశాడనుకుని మోసపోతున్నారు. ఇంకా నలభై నాలుగు ఉన్నాయి. అవి మరీ దారుణం. వాటిలో పోలీసులు, పన్నులు, పెళ్ళిళ్లు, పురపాలక సంఘాలు, చివరికి వాన కూడా ఉంది. ప్రజలు తెలియక పలికితే ఎవరిది బాధ్యత? అన్నిటినీ తెలుగులో జతపరుస్తున్నాను. తక్షణమే జాబితాలో చేర్చవలెను. ఇంకొక మనవి. మొన్నటి జాబితా అక్షరాలు మరీ చిన్నవి. చూపు సరిగా లేనివారు కనపడలేదని తప్పించుకుంటున్నారు. ఈసారి పెద్ద అక్షరాలతో అచ్చు వేయించగలరు. ఇట్లు, వివాదం గిట్టని ఒక పౌరుడు."

చదివి తలెత్తాను. ఆయన దొంగతనం చేసి దొరికిపోయినవాడిలా నా మొహం చూస్తున్నాడు. పంతొమ్మిదేళ్లలో మొదటిసారి ఆ ఆఫీసు గదిలో నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది. ఇరవై ఆరేళ్ళ పనిని మంచి పనిగా పట్టుకెళ్తే ఎవడూ గుమ్మం తొక్కనివ్వలేదు. నేరంగా పట్టుకెళ్తేనే ముద్రణాలయం తలుపులు తెరుచుకుంటాయి. ఒక ముసలివాడు తన కవితల మీద తనే ఎడంచేత్తో ఫిర్యాదు రాసుకోవాల్సిన చోట నేను జీతం తీసుకుంటున్నాను.

"ఒక్క మాట మార్చాలి తవిటయ్య గారూ," అన్నాను. "'మరీ దారుణం' చాలదు. 'అత్యంత ప్రమాదకరం' అని రాయండి. సార్ 'దారుణం'కి త్రిసభ్య సంఘం వేస్తారు. 'ప్రమాదం'కి అర్జెంటు ముద్ర కొడతారు."

ఆయన అక్కడే ఎడంచేత్తో దిద్దాడు. ఎర్నమ్మ ఇన్వర్డు ముద్ర కొట్టింది. రాజ్యవర్ధన్ గారు ఉత్తరం చదివి ఎంత పొంగిపోయారంటే, నన్ను కూర్చోమన్నారు.

"చూశారా! ప్రజల్లో చైతన్యం వచ్చింది. పేరు కూడా చెప్పుకోకుండా సహకరిస్తున్నారు. వెంటనే అనుబంధము-2 వేయించండి. ఆ పెద్ద అక్షరాల సంగతి మరిచిపోకండి, మంచి పాయింటు పట్టుకున్నాడు. పద్దెనిమిదో సైజు. ఎవ్వరూ కనపడలేదని తప్పించుకోవడానికి వీల్లేదు. టర్కీ అయ్యాక ఇంకే దేశం కవులు ప్రమాదకరంగా ఉన్నారో కూడా వాకబు చేయండి."

రెండు నెలలకు పుస్తకాలు వచ్చాయి. పుస్తకాలనే అంటాను, మీరు అనుబంధం అనుకోండి. తవిటయ్య కూడా మా జీపెక్కిన నిపుణుడే కనుక సిబ్బంది లెక్కలోకే వస్తాడు, నియమం ప్రకారం ఆయన సంతకం కూడా కావాలి. పిలిపించాను. ఆయన ప్రతి అందుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు. కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. అవసరం లేకపోయింది, అక్షరాలు అంత పెద్దవి. మొదటి కవిత నుంచి నలభై నాలుగో కవిత దాకా నిలబడే, బిగ్గరగా, ఒక్కడే చదువుకున్నాడు. బయట వరండాలో పనిమీద వచ్చినవాళ్ళు పని మర్చిపోయి తలుపు దగ్గర గుమిగూడారు. వెనకనున్నవాళ్ళు ముందువాళ్ళ భుజం తట్టి, మాట పలక్కుండా, కొంచెం జరగమని చేత్తో సైగ చేశారు.

చదవడం అయ్యాక రిజిస్టరు ముందు కూర్చున్నాడు. పేరు రాశాడు. హోదా అన్న గడి దగ్గర కాసేపు ఆగి, 'అనువాదకుడు' అని రాశాడు, ఈసారి కుడిచేత్తో. 'చదివి అర్థము చేసుకున్నాను' అన్నచోట సంతకం పెట్టబోతుంటే ఎర్నమ్మ పరాచికమాడింది.

"సదివినారు సరే తాతా. అర్థమయినాదా మరి?"

"ఇరవై ఆరేళ్ళు పట్టినాదమ్మా," అన్నాడు తవిటయ్య. సంతకం పెట్టి, తన ప్రతిని సంచీలో శాలువా మీద పెట్టుకున్నాడు. ఇంటి దగ్గర మా ఆడమనిషి సంతకం కూడా తేవాలి కదా, ఇంకో ప్రతి ఇప్పించండి అని అడిగాడు. ఇచ్చాను.